మామిడి కొత్తకు ముందొచ్చిన ఉగాది

మా చెల్లెలి కూతురికి ఈ మధ్యే ఒక కంపెనీలో సీఎస్సార్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. చేరేముందు నా దగ్గరికి వచ్చి కూర్చుని, తమ కంపెనీలో అంబుడ్స్ ఆఫీసు అని ఒకటుందట, నువ్వు అదే పని చేశావు కదా పెద్దమ్మా, ఊళ్లకు సేవ చేసే మాకూ ఉద్యోగుల గోడు వినే ఆ ఆఫీసుకూ ఏం సంబంధం అని అడిగింది. అన్నం వేళ దాటిపోతోందని రెండు ముక్కల్లో చెప్పి పంపించేశాను. అది తలూపింది గానీ, అర్థం కాలేదని మొహంలోనే కనిపించింది. ఆ రెండు ముక్కలూ సరిపోవని నాకూ తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. దానిలా కొత్తగా కొలువుల్లో చేరే పిల్లలెవరైనా చదువుకోవచ్చు.

నేను పనిచేసింది భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీలో. మాది నేలకొండపల్లి పక్క పల్లె. మా ఆయన బొగ్గుబాయి మనిషి. ఆయన డ్యూటీ ఒకచోట, నా డ్యూటీ ఇంకోచోట. సంసారం బస్సుల్లోనే చేశామని మా వాళ్లు ఇప్పటికీ నవ్వుతుంటారు. నా సర్వీసంతా పర్సనెల్ సెక్షన్‌లో సెలవులూ, క్వార్టర్లూ, క్యాంటీన్ గొడవలతో గడిచింది.

రిటైర్ కావడానికి కొన్నేళ్ల ముందు పై నుంచి ఒక ఉత్తర్వు దిగింది. మా సరుకు కొనే విదేశీ కంపెనీల వాళ్లు, ఫ్యాక్టరీలో అంబుడ్స్ ఆఫీసు ఉండి తీరాలన్నారట. అంటే పనిచేసేవాళ్లకు ఏ కష్టం వచ్చినా పై అధికారికి భయపడకుండా చెప్పుకునే చోటు. అక్కడ కూర్చునే మనిషి ఎవరి పక్షమూ పట్టకూడదు. ఎవరికీ ఆర్డరు వేయకూడదు. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే తప్ప విన్న మాట గడప దాటనీయకూడదు. అధికారం లేదు, ప్రమోషన్ లేదు, పైగా అటు మేనేజర్లకూ ఇటు యూనియన్ వాళ్లకూ అనుమానం. ఆ కుర్చీని ఎవరూ కోరుకోలేదు కాబట్టి అది నాకు దక్కింది. ఇంట్లో చెబితే మా అత్తగారు పడీపడీ నవ్వింది. "నీ నోట్లె నువ్వుగింజ నానదు. నీకా గా కొలువు?" అంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

నాకు అడ్మిన్ బ్లాకులో గది ఇస్తామన్నారు. వద్దన్నాను. మేనేజరు కిటికీ ముందునుంచి నడిచొచ్చి మేనేజరు మీద ఎవరు చెప్పుకుంటారు? క్యాంటీన్ వెనక ఒక పాత స్టోరు గది ఉండేది. ముందు వైపు ఒక తలుపు, వేపచెట్టు వైపు ఒక తలుపు. టీకి వెళ్తున్నట్టు వెళ్లి లోపలికి రావచ్చు, చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నట్టు బయటికి పోవచ్చు. బోర్డు మీద పెద్ద ఇంగ్లీషు పేరు రాయించారు. మావాళ్లు మాత్రం దాన్ని చెప్పుకునే రూము అనే పిలిచారు. మొదట్లో ఫ్యాను తిరగడం లేదనీ, కూరలో ఉప్పు ఎక్కువైందనీ వచ్చేవారు. ఓపిగ్గా విన్నాను. ఉప్పు సంగతి చెప్పుకుని చూశాకే అసలు సంగతి చెప్పుకుంటారని నాకు అక్కడే తెలిసింది.

ఇక సీఎస్సార్ సంగతి. ఫ్యాక్టరీకీ అడవికీ నడుమ ఒక కోయ గూడెం ఉంది. ఆ ఊరి ఆడవాళ్లు చాలామంది మా జామాయిల్ నర్సరీలో మొక్కల పనికి వచ్చేవారు. వాళ్ల పసిపిల్లల కోసం కంపెనీ ఆ ఊళ్లోనే ఒక పిల్లల కేంద్రం పెట్టింది. పొద్దున పిల్లల్ని దింపితే మధ్యాహ్నం అన్నం పెట్టి, నిద్రపుచ్చి, నాలుగు పాటలు నేర్పి సాయంత్రం అప్పజెప్పేవారు. దాన్ని చూసుకునే ఆఫీసరు ఖమ్మం టౌను నుంచి వచ్చిన అమ్మాయి. వయసులో చిన్నది, హుషారు మనిషి. ఒక్కో పిల్లకు ఏం ఇష్టమో, ఎవరు ఎవరి పక్కన పడుకుంటారో అన్నీ ఆమెకు తెలుసు. పిల్లలకు అన్నం కలిపి తినిపించే ఆయా ఆ ఊరి ఆవిడే. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆవిడ ఒళ్లోకి చేరిన పిల్ల ఏడుపు మానేయడం నేను కళ్లారా చూశాను.

ఆ ఏడు ఆఫీసరమ్మకు పిల్లల కేంద్రంలో ఉగాది చేద్దామని ముచ్చట పుట్టింది. మామిడాకులు కట్టారు. పాటలు పాడించారు. ఉగాది పచ్చడి ఆమె స్వయంగా చేసింది. వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, సన్నగా తరిగిన మామిడికాయ. ఆకు దొప్పల్లో పోసి, పిల్లల నోట్లో పెట్టమని ఆయాకు ఇచ్చింది. ఆయా ఒక క్షణం తటపటాయించి, "మేడమ్, గిప్పుడే మామిడికాయా..." అందట. పుల్లగా ఉంటుందని భయపడుతోందనుకుని, "బెల్లం బాగా వేసిన, ఏం కాదు, పెట్టు" అంది ఆఫీసరమ్మ నవ్వుతూ. ఆయా పెట్టింది. ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు హెడ్డాఫీసుకు వెళ్లాయి, అక్కణ్నుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది.

మర్నాటినుంచి ఒక్క పిల్ల కూడా రాలేదు.

మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అది ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారకముందే ఊరంతా పిల్లాజెల్లాతో అడవికి వెళ్లి పువ్వు ఏరుకుంటారు. ఆఫీసరమ్మ ఇల్లిల్లూ తిరిగి, పిల్లలు ఎందుకు రావడం లేదని అడిగితే అందరూ అదే చెప్పారు. కొన్నాళ్లకు పువ్వు రాలే కాలం అయిపోయింది. పిల్లలు ఊళ్లోనే మట్టిలో ఆడుకుంటూ కనిపించారు. కేంద్రానికి మాత్రం రాలేదు. మళ్లీ అడిగితే "వస్తరు తియ్" అన్నారు. అంతే. తల్లులు పిల్లల్ని నర్సరీకే తెచ్చుకుని, షేడ్‌నెట్ కింద పడుకోబెట్టి పనిచేసుకోసాగారు. ఏప్రిల్ ఎండలు ఎట్లా ఉంటాయో ఆ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మా పెద్దసారు, అంటే ఫ్యాక్టరీ బాధ్యతలు చూసే ఆయన, చెడ్డవాడేం కాదు. కాకపోతే ఏ విషయాన్నైనా త్వరగా తేల్చేయాలనే మనిషి. ఎవరో ఊరివాళ్లను ఎగదోస్తున్నారని ఒక రోజు అనుకున్నాడు. మరో రోజు, చేసిన మేలు గుర్తుండని జనం అన్నాడు. చివరికి, తిరుమలాయపాలెం వైపు ఒక ఊరివాళ్లు పిల్లల కేంద్రం కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నారు, ఇక్కడ వద్దన్నవాళ్లను బతిమాలడమెందుకు, అక్కడికి మార్చేద్దాం అని తేల్చాడు. ఆ లోపు ఆఖరి ప్రయత్నంగా ఊళ్లో పిల్లలందరికీ బ్యాగులూ, ప్లేట్లూ పంచి చూద్దామన్నాడు.

ఆ సాయంత్రమే ఆఫీసరమ్మ నా గదికి వచ్చింది. వేపచెట్టు వైపు తలుపులోంచి. కుర్చీలో కూర్చోగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేనేం తప్పు చేసిన మేడమ్? నా పిల్లల్లెక్క చూసుకున్న గద. ఒక్కళ్లు కూడ నా మొహం చూసి మాట్లాడ్తలేరు" అంది. ఉద్యోగం పోతుందన్న భయం ఆ ఏడుపులో లేదు. ఆ పిల్లల మీద బెంగ పెట్టుకుంది. నాకు నిజంగా తెలియదు కాబట్టి తెలియదనే చెప్పాను. టీ తెప్పించాను. ఏడ్చేవాళ్లకు టీ ఇవ్వడం తప్ప ఆ ఆఫీసుకు ఇంకే అధికారమూ లేదు.

సంత రోజున ఆయా వచ్చింది. చేతిలో సంత సంచి. లోపలికి వచ్చి గోడవారగా నిలబడింది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. ఏమైందమ్మా అని అడిగాను. తొందరపెట్టలేదు.

తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటే చెప్పింది. వాళ్ల ఊళ్లో ఏ కొత్త పంటనైనా ముందు ఊరి దేవతకూ, పోయిన పెద్దలకూ పెట్టాకే మనుషులు నోట పెట్టుకోవాలి. దాన్ని కొత్త అంటారు. చిక్కుడుకు ఒక కొత్త, మామిడికి ఒక కొత్త. మామిడి కొత్త ఎప్పుడో పటేల్, అంటే ఊరి పెద్ద, పూజారితో మాట్లాడి చెబుతాడు. ఆ రోజు వచ్చేదాకా చెట్టుకింద రాలిన కాయను కూడా కొరకరు. మా ఉగాది వాళ్ల మామిడి కొత్తకు ముందొచ్చింది. పిల్లలందరి నోట్లో కొత్త పెట్టని మామిడికాయ పడింది. పెట్టింది ఆయా చెయ్యి.

ఆ ఊరి పక్కనే అన్నేళ్లు ఉద్యోగం చేశాను. వాళ్ల పండగలకు సెలవు కాయితాలు పాస్ చేశాను. కానీ కొత్త అంటే ఏమిటో ఆ రోజే విన్నాను.

అసలు కష్టం అక్కడితో అయిపోలేదు. ఉగాది మర్నాడు ఆయా బావగారి మనవరాలికి జ్వరం తగిలింది. దవాఖానాలో మందులిచ్చారు, జ్వరం తగ్గింది. కానీ ఆ పిల్ల నాయనమ్మ, ఆయాకు వరసకు అక్క, ఊరందరి ముందూ ఒక్క మాట అంది. బయటోళ్లకు తెల్వదు, తెల్సిన చెయ్యే పెట్టింది గద అని. అప్పట్నుంచి ఊళ్లో ఆయాతో ఎవరూ మాట్లాడటం లేదు. తిట్టడం లేదు, కొట్టడం లేదు. బోరింగు దగ్గరికి ఆమె వెళితే మాటలు ఆగిపోతాయి. పిల్లలు దగ్గరికి రాబోతే తల్లులు చెయ్యి పట్టుకుని లాగేస్తారు. అంతమంది పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది?

ఈ సంగతి ఆఫీసరమ్మకు చెప్పనా అని అడిగాను. వద్దంది. "గా పిల్ల మంచిది అమ్మా. తెల్సి చేసిందా? ఈ మాట ఇంటే సార్లు గామె కొలువు తీస్తరు. నాకు పాపం" అంది. పోనీ పటేల్‌తో మాట్లాడనా అన్నాను. అది అసలే వద్దంది. ఊరి లోపలి మాట కంపెనీకి మోసిందని తెలిస్తే ఉన్న ఆ కాస్త గాలి కూడా ఆడనివ్వరంది.

"మరి ఎవలికీ చెప్పొద్దంటే నేనేం చేయాలె చెల్లె?"

"నువ్వేం చెయ్యకు. ఎవలికన్న చెప్పుకోవాలె గద. కడుపుల పెట్టుకోలేక వచ్చిన" అంది.

కొంగుతో మొహం తుడుచుకుని, సంచి పట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించండి. ఒకామె వచ్చి నేనేం తప్పు చేశానని ఏడ్చింది. ఆ ప్రశ్నకు జవాబు ఇంకొకామె తెచ్చి నా చేతిలో పెట్టి, ఎవరికీ ఇవ్వొద్దంది. ఒకరి మాట ఇంకొకరికి ఒక్క ముక్క చెబితే మొత్తం చిక్కు విడిపోతుంది. చెబితే ఆ గదికి అర్థం ఉండదు. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, ఆ నాలుగైదు రోజులూ ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా ఆయన ఏమైందని అడిగితే పళ్లు నొప్పన్నాను.

ముందు పెద్దసారు దగ్గరికి వెళ్లాను. కేంద్రం మార్చే పని కొన్నాళ్లు ఆపండి, బ్యాగులు పంచడం కూడా వద్దు అన్నాను. ఎందుకన్నాడు. చెప్పలేనన్నాను.

"ఎవరో మీ దగ్గరికి వచ్చి ఏదో చెప్పారన్నమాట. ఎవరండీ?"

"చెప్పను సార్."

"మేడమ్ గారూ, మీ జీతం కూడా కంపెనీయే ఇస్తోందండీ."

"అవ్ సార్. చెప్పకుండా ఉండటానికే ఇస్తోంది" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత, ఆయనలో ఉన్న మంచితనం వల్లనో, పైవాళ్లు పెట్టిన ఆఫీసుతో గొడవెందుకనో, నెలాఖరు దాకా చూస్తానన్నాడు. బ్యాగుల విషయం మాత్రం ఆయనకు అంతు పట్టలేదు. ఇస్తామంటే వద్దనేవాళ్లు కూడా ఉంటారా అన్నాడు. నొప్పి ఎక్కడుందో అడక్కుండా చేతిలో మిఠాయి పెడితే పసిపిల్లలు కూడా విసిరికొడతారు సార్ అన్నాను.

ఆ తర్వాత నర్సరీ దగ్గర ఆయాను కలిశాను. పిల్లలు లేక ఖాళీ అయిన ఆమెను మొక్కలకు నీళ్లు పట్టే పనిలో వేశారు. పక్కకు పిలిచి, నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ ఒక్కటి చేయనా అని అడిగాను. ఆఫీసరమ్మకు ఏమీ చెప్పను, ఆమెను తీసుకుని ఊళ్లోకి వస్తాను, ఆమే పటేల్‌ను అడుగుతుంది, ఆయన చెబితే చెబుతాడు, లేకపోతే లేదు. ఆమె చాలాసేపు పైపు పట్టుకుని అట్లాగే నిలబడింది. పాదు నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి.

"అడిగితె చెప్తరు. ఎవలన్న సక్కగ అడిగిన్రా ఇప్పటిదాంక?" అంది.

అది ఒప్పుకోలు అనుకున్నాను. అయినా మళ్లీ అడిగి, అవ్ అనిపించుకునే వచ్చాను.

అంబుడ్స్ పనిలో నాకు తెలిసిన కిటుకు ఏదైనా ఉందంటే ఇదే. విన్న మాట మోయకూడదు గానీ, మాట పుట్టే ప్రశ్నను మోయొచ్చు. ఆఫీసరమ్మను గదికి పిలిచి, ఊళ్లో వాళ్లను నువ్వు ఏమని అడిగావు అన్నాను. పిల్లలు ఎందుకు రావడం లేదని అడిగానంది. అట్లా అడిగితే వాళ్లు సంజాయిషీ చెప్పుకోవాలి కదమ్మా అన్నాను. మా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా అని ఎప్పుడన్నా అడిగావా? అడగలేదు. అడగాలని తోచలేదు. మంచి చేసేవాళ్లకు ఆ ప్రశ్న అంత తొందరగా తోచదు. మా కంపెనీలోనే కాదు, ఎక్కడైనా అంతే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం గూడానికి వెళ్లాం. పటేల్ ఇంటి ముందు తాటాకు పందిరి కింద మంచం మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. పటేల్ ముసలాయన, నెమ్మదస్తుడు. మమ్మల్ని చూసి చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఆ పసిపిల్ల నాయనమ్మ కూడా ఉంది. ఆయా తన గుమ్మం దగ్గరే ఉండిపోయింది. దూరంగా కనిపిస్తోంది. నేను అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

ఆఫీసరమ్మ మంచం మీద కూర్చోలేదు. లేచి నిలబడి, "పెద్దయ్యా, మా వల్ల మీకేమన్న తప్పు జరిగిందా? జరిగితె నాకు తెల్వాలె. అందుకే వచ్చిన" అంది.

పటేల్ ఆమెను చూశాడు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. కోపంగా చెప్పలేదు. కొత్త అంటే ఏమిటో, ఎందుకు పెడతారో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. చెట్టు మనకిచ్చే ముందు మన పెద్దలకు ఇచ్చింది, వాళ్లకు పెట్టకుండా తింటే వాళ్లను మరిచినట్టే కదా బిడ్డా అన్నాడు. మీకు తెల్వదు, మీ మీద మాకు కోపం లేదు, తెల్సినోళ్లు ఎందుకు పెట్టిన్రనేదే మా బాధ అన్నాడు.

గిప్పుడే మామిడికాయా అన్న ఆయా మాట అప్పుడు ఆఫీసరమ్మకు అర్థమైందనుకుంటాను. నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

"ఆమె వద్దనే అన్నది పెద్దయ్యా. నేనే ఇనలే. పెట్టు పెట్టు అన్న. చెయ్యి ఆమెది, మాట నాది. తప్పు ఆమె మీద వెయ్యకుండ్రి, నా మీద వెయ్యుండ్రి" అంది. ఏడుపు ఆపుకోలేదు. ఆపుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

అప్పుడు ఆ నాయనమ్మ నా వైపు తిరిగింది. కళ్లు సన్నగా చేసి చూసింది.

"ఇన్నొద్దులు రానోళ్లు ఇయ్యాల ఎట్ల వచ్చిన్రు? ఎవలు చెప్పిన్రు నీకు?"

గుమ్మం దగ్గర ఆయా కదలకుండా నిలబడింది. ఎవరూ చెప్పలేదని అబద్ధం ఆడొచ్చు. అది చాలా తేలిక. కానీ ఆ ముసలమ్మ కళ్ల ముందు అబద్ధం నిలబడేలా లేదు.

"ఎవలు చెప్పినా, చెప్పకున్నా నేను పేరు చెప్పను తల్లీ. నా పనే గది" అన్నాను.

"మీ సారు అడిగితే?"

"మొన్ననే అడిగిండు. చెప్పలే."

"గాయనకే చెప్పలేదా?"

"చెప్పలే."

ఆమె ఇంకేమీ అడగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. పటేల్ మాత్రం, మామిడి కొత్త ఎప్పుడో కబురు చేస్తాం, ఆ రోజు మీరిద్దరూ రండి, కొత్త అయ్యాక పిల్లల సంగతి చూద్దాం అన్నాడు. ఏం తీసుకురమ్మంటారని ఆఫీసరమ్మ అడిగింది. అలవాటు ఎక్కడికి పోతుంది!

"ఏం తేకుండ్రి. ఊకె రాండ్రి" అన్నాడు.

దారిలో జీపులో ఆ అమ్మాయి నన్ను అడిగింది. మేడమ్, మీకు ముందే తెలుసా అని. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎండ ముదురుతోంది, మంచినీళ్లు తాగు అన్నాను. ఆ పిల్ల నవ్వింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

కొత్త రోజుకు వెళ్లడానికి బండి అడిగితే ఆఫీసులో ఒక తమాషా జరిగింది. సీఎస్సార్ బండి కదలాలంటే ఏం పంచడానికి వెళ్తున్నారో రాయాలి. ఏమీ పంచడానికి కాదు అన్నాం. మరి దేనికి అన్నారు. పిలిస్తే వెళ్తున్నాం అన్నాం. ఆ రకం ప్రయాణం కంపెనీకి కొత్త. విషయం పెద్దసారు దాకా వెళ్లింది. అప్పటికి ఆఫీసరమ్మ ఆయనకు పటేల్ చెప్పిందంతా చెప్పేసింది, తన పొరపాటుతో సహా. ఆమె మాట ఆమె చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. ఆయన పెన్ను పక్కన పెట్టి, "మా అమ్మ కూడా పందిట్లో కాసిన తొలికాయ దేవుడికి పెట్టాకే మాకిచ్చేదండీ" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద ఉన్న చిరాకు సగం పోయింది. బండి ఇచ్చాడు. ఫొటోగ్రాఫర్‌ను పంపుతానంటే మాత్రం ఇద్దరం ఒక్క గొంతుతో వద్దన్నాం.

తర్వాత ఆయనే ఒక పద్ధతి పెట్టించాడు. ఏ ఊళ్లో ఏ కార్యక్రమం చేయాలన్నా ముందు ఆ ఊరివాళ్లను కూర్చోబెట్టి అడగాలి, వద్దంటే ఎందుకని కూడా అడగాలి. నా గదికి ఫ్యాక్టరీ వాళ్లే కాదు, మా కార్యక్రమాలు జరిగే ఊళ్లవాళ్లు కూడా రావచ్చన్నాడు. మా సీఎస్సార్ పుస్తకంలో ఆ ఏడు చాలా ఫొటోలు వచ్చాయి. ఈ సంగతి ఒక్క ముక్క కూడా రాలేదు. రాకూడదు కూడా. అంబుడ్స్ ఆఫీసు బాగా పనిచేసిందనడానికి రుజువు చూపించబోతే, అది బాగా పనిచేయనట్టే. చెల్లెలి కూతురికి ఆ రోజు అన్నం ముందు నేను చెప్పిన రెండు ముక్కలు ఇవే. మీరు ఇచ్చేది ఊరికి చేరుతుంది, ఊరి మనసు మీకు చేరడానికి దారి కావాలి. ఆ దారిలో నడిచొచ్చేది మీ ఫ్యాక్టరీలో పనిచేసే ఆ ఊరి మనిషే, ఆ మనిషికి భయం లేకుండా చూడండి.

ఇది రాసేముందు ఆయాను అడిగాను. రిటైరైనా గడప గడపే. ఫోన్‌లో ఆమె నవ్వి, "రాసుకో అమ్మా. పేరు ఒక్కటి పెట్టకు. మిగతాది ఎవలకు తెల్వదు?" అంది. ఆమె నా గదికి వచ్చిన సంగతి ఊరికి ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె చెప్పుకుందో, వాళ్లే పసిగట్టారో! నేను మాత్రం చెప్పలేదు.

మామిడి కొత్త రోజు ఊరి చివర చెట్ల నీడలో పూజ జరిగింది. పూజారి దేవతకు పెట్టి, పెద్దలకు పెట్టాడు. ఆఫీసరమ్మ, నేను ఖాళీ చేతులతో ఒక పక్క కూర్చున్నాం. ఏమీ ఇవ్వకుండా ఎవరి ఇంట్లోనైనా కూర్చోవడం ఆ అమ్మాయికి అదే మొదటిసారి కాబోలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో కట్టుకుని కూర్చుంది. అందరితోపాటు మా దోసిట్లోనూ ఒక్కో ముక్క పెట్టారు. ఆయాకూ పెట్టారు గానీ, ఆమె అందరికీ ఎడంగా ఒక్కతే కూర్చుని ఉంది. పక్కకు ఎవరూ రాలేదు. పటేల్ మాటతో తప్పు పోవచ్చు, మనసులు కదలడానికి ఇంకా టైం పడుతుందేమో అనుకున్నాను. అంతకుమించి నేను చేయగలిగింది కూడా ఏమీ లేదు.

వంటలయ్యాయి. విస్తళ్లు వేశారు. అప్పుడు నాయనమ్మ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. జ్వరంతో చిక్కిపోయిన పిల్ల, ఇంకా కోలుకోలేదు. ముసలమ్మ చేతిలో అన్నం గిన్నె ఉంది. పిల్ల మొహం అటు తిప్పుకుంటోంది. ఆమె ఎవరినీ చూడకుండా తిన్నగా ఆయా దగ్గరికి నడిచి, పిల్లను ఆమె ఒళ్లో కూర్చోబెట్టి, గిన్నె పక్కన పెట్టింది.

"నీ చేతి ముద్దకే అలవాటైంది. అప్పటిసంది నా చేత తింటలేదు. నువ్వే పెట్టు" అంది.

ఆయా చెయ్యి కడుక్కుంది. అన్నం కలిపి, చిన్న ముద్ద చేసి, పిల్ల నోటి దగ్గర పెట్టి, ఒక్కసారి ముసలమ్మ వైపు చూసింది. ముసలమ్మ తలూపింది. పిల్ల నోరు తెరిచింది.